సముద్రం అడుగు నుంచి లైవ్: ఓపిక ఉంటేనే పెట్టుకోండి

ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ అనే సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు ఫాల్కర్ (టూ) అనే నౌక నుంచి సుబాస్టియన్ అనే రోబోను సముద్రంలోకి దింపి, దాని కెమెరాకు కనిపించేదంతా యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ ఇస్తారు. అది 4,500 మీటర్ల లోతు దాకా దిగగలదు. పగడాలు, స్పాంజ్‌లు చూసేవాళ్లు చూస్తారు, నేను మాత్రం చేపల కోసమే కూర్చుంటాను. రేటింగ్ అయిదుకు నాలుగు. ఆ తగ్గించిన ఒక్కటీ లైట్లకి.

ముందే చెప్తున్నా, చాలాసేపు బురద తప్ప ఇంకేం కనిపించదు. కోరలు, వేటలు ఏరి కూర్చిన వీడియోలకు అలవాటుపడ్డవాళ్లకి మహా బోర్. కానీ అక్కడ తిండి దొరకడమే కష్టం కాబట్టి, చాలా చేపలు ఒంట్లో శక్తిని ఊరికే ఖర్చు పెట్టవు. ఎడిటింగ్ లేని లైవ్‌లోనే అది తెలుస్తుంది.

ట్రైపాడ్ ఫిష్‌నే చూడండి. పొట్ట కింది రెక్కల నుంచి రెండు, తోక నుంచి ఒకటి, పొడవాటి పుల్లల్లాంటివి సాగి ఉంటాయి. వాటిని బురదలో ఆనించి, ముక్కాలిపీటలా నిలబడిపోతుంది. ముఖం ప్రవాహానికి ఎదురుగా, ముందు రెక్కలు పైకెత్తి విప్పుకుని. కళ్లు మరీ చిన్నవి, వాటితో పెద్దగా పనిలేదు. నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న చిన్న రొయ్యల్లాంటివి ఆ రెక్కలకు తగిలితే చాలు, పసిగడుతుంది. రాట్‌టెయిల్ అనే ఇంకో చేప పద్ధతి వేరు: తల దించి, తోక పైకెత్తి, నేలను వెతుక్కుంటూ తీరిగ్గా పోతుంది.

ఇక లైట్ల సంగతి. వెయ్యి మీటర్ల కింద సూర్యకాంతి ఉండదు. ఆ చీకట్లో బతికే చేప మీద ఫ్లడ్‌లైట్లు, పైగా రోబోను నీళ్లలో నడిపే థ్రస్టర్ల (మోటార్ల) మోత. కొన్ని పారిపోతాయి, కొన్ని బిగుసుకుపోతాయి. దాన్ని సహజ ప్రవర్తన అనుకుంటే పొరపాటే. లోతులో ఉండే చాలా జీవులకు ఎర్ర కాంతి కనిపించదు. అందుకే సముద్ర శాస్త్రవేత్త ఎడిత్ విడర్ 2012లో ఎర్ర లైటుతో, థ్రస్టర్లు లేని కెమెరాను దింపి, జపాన్ సముద్రజలాల్లో జెయింట్ స్క్విడ్‌ను వీడియో తీయగలిగారు. రోబో నడపాలన్నా, రంగులు చూడాలన్నా తెల్ల లైటు తప్పదని తెలుసు. అయినా ఒక మార్కు కోసేశాను.

కామెంటరీ నాకు బాగా నచ్చింది. శాస్త్రవేత్తలు చేప పేరు తెలియకపోతే తెలీదనే అంటారు, తమలో తాము వాదించుకుంటారు, లేజర్ చుక్కలు పెట్టి కొలుస్తారు. 2025లో అర్జెంటీనా దగ్గరి మార్ దెల్ ప్లాటా సముద్రగర్భ లోయలో దిగినప్పుడు మాటలన్నీ స్పానిష్‌లోనే. భాష రాకపోయినా వాళ్ల అరుపులతోనే ఏదో మంచిది దొరికిందని అర్థమైపోయేది.

రికార్డింగ్ చూసేవాళ్లు మాత్రం స్పీడు పెంచకండి. రెట్టింపు వేగంలో రాట్‌టెయిల్ కూడా ఏదో అర్జెంటు పని ఉన్నట్టే కనిపిస్తుంది.