నెట్ సెంటరులో ఫైర్‌ఫాక్స్: వెంటాడే ప్రకటనల నుంచి ఎంతవరకు కాపాడుతుంది?

నెట్ సెంటరుకు వచ్చేవారిలో బ్రౌజరు సెట్టింగుల పేజీని ఒక్కసారైనా తెరిచి చూసినవారు అరుదు. అందుచేత ట్రాకింగ్ నుంచి, అంటే మనం ఏయే సైట్లు చూస్తున్నామో ప్రకటనల కంపెనీలు వెంటాడి రాసుకోవడం నుంచి, జనాన్ని కాపాడే బ్రౌజరు ఏదని అడిగితే, అందులో ఎన్ని సౌకర్యాలు ఉన్నాయన్నది పక్కన పెట్టి, ఎవరూ ఏ బటనూ నొక్కకుండానే అది తనంతట తాను ఎంత పని చేస్తుందన్నది ముందు చూడాలి. ఆ లెక్కనే శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి దగ్గరున్న మా సెంటరు కంప్యూటర్లన్నిటిలో మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్‌ను ప్రధాన బ్రౌజరుగా పెట్టాము. వాడకంలో తేలిన మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను.

పదిమంది వాడే కంప్యూటరులో ట్రాకింగ్ ఎలా ఉంటుందో సొంత ల్యాప్‌టాప్ ఉన్నవారికి తెలియకపోవచ్చు. ట్రాకరు గుర్తుపట్టేది మనిషిని కాదు, బ్రౌజరును. ఉదయం ఒక అమ్మాయి వచ్చి పెళ్లి నగల డిజైన్లు చూసి వెళ్తే, మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చున్న రైతుకు ఆ నగలే కనిపిస్తాయి. మేము వేరే బ్రౌజరు వాడుతున్న రోజుల్లో ఆమదాలవలస వైపు నుంచి అడంగల్ నకలు కోసం వచ్చిన ఒక పెద్దాయన, ప్రింటు వచ్చేలోపు వార్తల సైటు తెరిపించి, "ఏటి బాబూ, దాన్యం రేటు సూద్దారంటే గాజులు సూపిత్తాదేటి?" అని అడిగారు. గాజులైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. ముందు వచ్చిన మనిషి వెతికినది ఒక జబ్బు గురించో, అప్పు గురించో అయితే, వెనక వచ్చినవారి ముందు ఆ సంగతి బయటపడటం నవ్వులాట కాదు.

దీనికి మూలం కుకీ, అంటే సైటు మన బ్రౌజరులో దాచి ఉంచే చిన్న సమాచారపు ముక్క. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటులీ, ఒక సైటు తన దగ్గరకు మళ్లీ వచ్చిన బ్రౌజరును గుర్తుపట్టడానికి వీలుగా దీన్ని తయారుచేశారు. అంతవరకు అది అవసరమే. కుకీ లేకపోతే లాగిన్ అయిన మరుక్షణమే సైటు మనల్ని మరిచిపోతుంది. చిక్కు వచ్చింది ఇంకోచోట. వార్తల సైటు తెరిచినప్పుడు వార్త ఆ సైటు సర్వరు నుంచే వస్తుంది గానీ, పక్కనున్న ప్రకటనలు, షేర్ బటన్లు, కంటికి కనిపించని లెక్కింపు కోడు వేరే కంపెనీల సర్వర్ల నుంచి వస్తాయి. ఆ కంపెనీ తన కుకీలో ఒక గుర్తింపు సంఖ్య వేసి ఉంచుతుంది. తరువాత అదే కంపెనీ కోడు ఉన్న నగల సైటుకో, ఆసుపత్రి సైటుకో వెళ్తే ఆ సంఖ్య తిరిగి దానికే చేరుతుంది. ఈ బ్రౌజరు ఎక్కడెక్కడ తిరిగిందో ఆ విధంగా పోగుపడుతుంది.

ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబరు నుంచి, పేరు మోసిన ట్రాకర్ల జాబితా దగ్గర పెట్టుకుని, వాటి కుకీలను అందరికీ ముందుగానే అడ్డుకోవడం మొదలుపెట్టింది. జాబితాలో లేని కొత్త ట్రాకరు దాన్ని సులువుగా తప్పించుకుంటుంది కాబట్టి, 2021 ఫిబ్రవరిలో ఇంకొక పద్ధతి తెచ్చి, 2022 జూన్ నుంచి దాన్ని కంప్యూటర్లలో అందరికీ వర్తింపజేయసాగింది. ఈ పద్ధతిలో ఏ దుకాణం ఖాతా పుస్తకం ఆ దుకాణంలోనే ఉండిపోతుంది: వార్తల సైటులో ప్రకటన కంపెనీ రాసుకున్న కుకీ, నగల సైటులో అదే కంపెనీకి కనిపించదు. రెండు చోట్లా వచ్చినది ఒకే బ్రౌజరని కుకీ ద్వారా తెలుసుకునే దారి దానికి మూసుకుపోతుంది. ఇదంతా స్టాండర్డ్ అనే మామూలు అమరికలోనే జరుగుతుంది. నాకు ఈ బ్రౌజరులో అన్నిటికంటే నచ్చినది ఇదే.

అడ్రసు పట్టీకి ఎడమ పక్కన చిన్న డాలు బొమ్మ ఉంటుంది. ఏదైనా తెలుగు వార్తల సైటు తెరిచి దాన్ని నొక్కితే, ఆ పేజీలో ఏ ట్రాకర్లను ఆపిందో వరుసగా చూపిస్తుంది. ఒక్క సినిమా వార్త పేజీకి ఆ జాబితా కిందికి జరుపుతూ పోవలసినంత పొడుగు ఉండటం మామూలే. ఫలితాల రోజున విద్యార్థులు ఎగబడే కొన్ని ప్రైవేటు సైట్లలో అది ఇంకా పొడుగు. హాల్‌టికెట్ నంబరు కొట్టే చోట అంతమంది కాచుకుని కూర్చోవడం ఎందుకో వారికే తెలియాలి.

స్టాండర్డ్ అమరిక పైన స్ట్రిక్ట్ అనేది ఒకటి ఉంది. కుకీ లేకుండానే బ్రౌజరును పోల్చుకునే ఫింగర్‌ప్రింటింగ్ విషయానికి వస్తే దాని అవసరం తెలుస్తుంది. తెర కొలతలు, టైమ్ జోను, గ్రాఫిక్స్ కార్డు, ఫాంట్లు ఇలాంటివన్నీ కలిపి చూస్తే చాలా బ్రౌజర్లు దేనికది వేరుగా తేలిపోతాయి. ఇంటర్నెట్ వాడేవారి హక్కుల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో ప్రచురించిన పరిశీలనలో 83.6 శాతం బ్రౌజర్లు అలా తేలాయి. ఇక మన నెట్ సెంటర్ల సంగతి చూడండి. శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల వినతిపత్రాలు టైపు చేయడానికి ప్రతి కంప్యూటరులోనూ అను అనే తెలుగు ఫాంట్లు నింపి ఉంచుతాము. ఒక మాటను ఫలానా ఫాంటులో రాసి, దాని వెడల్పు కొలిచి, ఆ ఫాంటు కంప్యూటరులో ఉందో లేదో సైటు కనిపెట్టగలదు. ప్రపంచం మొత్తం మీద అను ఫాంట్లున్న కంప్యూటర్లు ఎన్ని ఉంటాయి గనుక? శుభలేఖల కోసం వేసుకున్న ఫాంట్లే మన కంప్యూటరును గుంపులో నుంచి వేరుచేసి పట్టిస్తాయి. ఫైర్‌ఫాక్స్ 2023 నుంచి స్ట్రిక్ట్ అమరికలో, ఆపరేటింగ్ సిస్టంతో, భాషా ప్యాకులతో వచ్చిన ఫాంట్లను తప్ప మిగిలినవాటిని సైట్ల కంట పడనివ్వడం లేదు. ఫింగర్‌ప్రింటింగ్ దీనితో ఆగిపోదు గానీ, డీటీపీ పని కూడా చేసే మాలాంటివారికి ఇది చిన్న మేలు కాదు. వాట్సాప్‌లో వచ్చే లింకుల చివర వేలాడే 'ఎఫ్‌బీసీఎల్‌ఐడీ' (fbclid) వంటి, లింకు నొక్కినవారిని గుర్తుపట్టడానికి ఫేస్‌బుక్ వంటి కంపెనీలు తగిలించే తోకలను కూడా స్ట్రిక్ట్ అమరిక కత్తిరిస్తుంది.

స్ట్రిక్ట్ పెడితే కొన్ని సైట్లు సరిగా పనిచేయకపోవచ్చని ఫైర్‌ఫాక్సే సెట్టింగులలో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను తేలికగా తీసుకోకూడదు. పరీక్ష ఫీజు కట్టే సైట్లలో కొన్ని ఎంత అతుకుల బొంతగా ఉంటాయంటే, చెల్లింపు పేజీ మధ్యలో ఆగి, డబ్బు వెళ్లిందో లేదో తెలియక విద్యార్థికీ మాకూ తల ప్రాణం తోకకు వస్తుంది. అటువంటప్పుడు డాలు బొమ్మ నొక్కి, ఆ ఒక్క సైటుకు రక్షణ తీసివేసి, పేజీ మళ్లీ తెరిస్తే పని జరుగుతుంది. అయినా గడువు ఆఖరి రోజున ప్రయోగాలు వద్దనుకుని, ఫీజుల కోసం ఒక కంప్యూటరును స్టాండర్డ్‌లోనే ఉంచాము.

నలుగురు వాడే కంప్యూటరుకు వీటన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగు, బ్రౌజరు మూయగానే కుకీలు, సైట్ల సమాచారం తుడిచేసేది. 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' పేజీలో ఒక్క టిక్కుతో అది అమలవుతుంది. ప్రైవేటు విండో కూడా మూసినప్పుడు ఇదే పని చేస్తుంది గానీ, దానిలో ఉన్నంతసేపు ఎవరికీ కనబడమనుకోవడం భ్రమ. గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేటు విండో వాడినా తమ వివరాలు సేకరించారంటూ 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024 నాటి రాజీలో ఆ రికార్డులను నాశనం చేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

క్రోమ్ మాట వచ్చింది కనుక చెప్పాలి. ఇతర కంపెనీల కుకీలను రెండేళ్లలో తొలగిస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. వాయిదా మీద వాయిదా వేసి, 2024 జూలైలో ఆ ఆలోచనే మానుకుంది. ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. ప్రకటనల మీద బతికే కంపెనీ నుంచి అంతకుమించి ఆశించడం మన అమాయకత్వమే. ఐఫోన్ ఉన్నవారికి అందులోని సఫారీ బ్రౌజరు 2020 మార్చి నుంచే ఆ కుకీలన్నిటినీ ఆపుతోంది కాబట్టి వారు ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. క్రోమ్ పునాది మీదే కట్టిన బ్రేవ్ అనే బ్రౌజరు ప్రకటనలను మొదటి నుంచే ఆపడమే కాక, ఫింగర్‌ప్రింటు వివరాలను కొద్దికొద్దిగా మార్చి చూపిస్తుంది. రక్షణలో అది ఫైర్‌ఫాక్స్ స్టాండర్డ్ కంటే ఒక మెట్టు పైనే. అయితే దానిలో పెట్టిన క్రిప్టో వాలెట్టు, రివార్డుల హడావుడి సెంటరుకు వచ్చే పిల్లలకు అనవసరమని నా అభిప్రాయం.

మొజిల్లా కూడా కడిగిన ముత్యమేమీ కాదు. దాని ఆదాయంలో ఎక్కువ భాగం, గూగుల్‌ను ముందుగా అమర్చిన సెర్చ్ ఇంజనుగా ఉంచినందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే. 2024 జూలైలో ప్రకటనల ఫలితాన్ని కొలిచే ఒక ప్రయోగాన్ని వాడుకరులను అడగకుండానే ఆన్ చేసి ఉంచి విమర్శల పాలైంది. 2025 ఫిబ్రవరిలో కొత్త వినియోగ నిబంధనల మాటల మీద గొడవ రేగితే వాటిని సవరించింది. ప్రతి పెద్ద అప్‌డేట్ తరువాత ఆ సెట్టింగుల పేజీని ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైంది.

మన జిల్లాలో ఎక్కువమందికి ఇంటర్నెట్ అంటే ఫోనే కాబట్టి చివరగా ఆ మాట. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, వేసుకునే వీలు లేదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. మెనూలోని ఎక్స్‌టెన్షన్ల పేజీ నుంచి యూబ్లాక్ ఆరిజిన్ అనేదాన్ని వేసుకుంటే ప్రకటనలూ ట్రాకర్లూ దిగకముందే ఆగిపోతాయి. సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే ఏజెన్సీ మండలాల్లో పేజీ త్వరగా తెరుచుకోవడం, డేటా మిగలడం అదనపు లాభం. ఆ తరువాత ఫోను సెట్టింగులలో డిఫాల్ట్ బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకుంటేనే వాట్సాప్ లింకులు అందులో తెరుచుకుంటాయి. యాప్‌లు తమంతట తాము పంపే సమాచారాన్ని మాత్రం ఏ బ్రౌజరూ ఆపలేదు. ఫేస్‌బుక్‌లో లింకు నొక్కితే ఆ యాప్ లోపలి బ్రౌజరే తెరుచుకుంటుంది, అక్కడ ఈ రక్షణలేవీ ఉండవు. పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి, బయటి బ్రౌజరులో తెరవమని చెప్పాలి.