ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే: పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్తే దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

కెనడాలో లేక్ లూయిస్ నుంచి జాస్పర్ దాకా 230 కిలోమీటర్లు, వేగ పరిమితి 90. లెక్కకైతే మూడు గంటల దారి. ఈ లెక్క నమ్ముకుని పొద్దున్నే కాల్గరీలో బయల్దేరి, హిమానీనదం చూసేసి, రాత్రి భోజనానికి ఇంటికొచ్చేద్దామనుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. మంచు దాకా వెళ్లి వెనక్కి తిరిగితేనే రానూపోనూ 620 కిలోమీటర్లు. పిల్లలు సగం సరస్సుల దగ్గర నిద్రలోనే ఉంటారు, అమ్మానాన్నలకు కాళ్లు వాస్తాయి, నడిపేవాడికి రోడ్డు తప్ప ఏమీ కనిపించదు. కెనడాలోని ఆల్బర్టాలో ఉన్న ఈ హైవే 93 నార్త్‌కు, అంటే అందరూ ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అని పిలిచే దారికి, రెండు రోజులు కేటాయిస్తే 5కి 5 మార్కులు. ఒక్క రోజులో చుట్టేస్తే 2.

దారి మొత్తం బాన్ఫ్, జాస్పర్ నేషనల్ పార్కుల లోపలే ఉంటుంది కాబట్టి పాస్ తప్పనిసరి. ఒకే బండిలో వచ్చిన ఏడుగురి దాకా ఫ్యామిలీ పాస్ సరిపోతుంది. 2024 ధరల్లో రోజుకు 22 కెనడియన్ డాలర్లు, ఏడాది డిస్కవరీ పాస్ 151.25. వారం రోజుల ట్రిప్ అయితే ఏడాది పాసే నయం. 17 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్న పిల్లలకు ప్రవేశం ఉచితం. అందుకే ఇద్దరు పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబం తలా ఒక పాస్ కొనాల్సిన పని లేదు. కౌంటర్ దగ్గర తొందరలో ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది.

ఇక మొరైన్ లేక్. పాత 20 డాలర్ల నోటు మీద ఉన్న సరస్సు ఇదే. పార్క్‌వే ఎక్కక ముందే, లేక్ లూయిస్ పక్కనే వస్తుంది. 2023 నుంచి సొంత కార్లను ఆ రోడ్డు మీదికి రానివ్వడం లేదు. తెల్లవారుజామున 4 గంటలకు వెళ్తే దొరుకుతుందిలే అనే పాత సలహా ఇప్పుడు చెల్లదు. ఈ పార్కులను చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా నడిపే షటిల్ బుక్ చేసుకోవాలి. బస్సు లేక్ లూయిస్ స్కీ రిసార్ట్ పార్కింగ్ నుంచి బయల్దేరుతుంది. వసంతంలో బుకింగ్ తెరిచినప్పుడు కొన్ని సీట్లే వదులుతారు. మిగతావి, అంటే సగానికి పైగా, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఆ 8 గంటలు ఆల్బర్టా టైమ్. డల్లాస్‌లో 9, టొరంటోలో 10, హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. అమెరికా నుంచి వచ్చేవాళ్లు తమ ఊరి 8 గంటలకు లాగిన్ అయి తెల్లమొహం వేస్తుంటారు. ఇంకో సంగతి: మొరైన్ సీట్లు అయిపోయి లేక్ లూయిస్ సీట్లు మిగిలి ఉంటే అవే తీసుకోండి. రెండు సరస్సుల మధ్య తిరిగే కనెక్టర్ బస్సు ఆ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. మొరైన్‌లో గట్టు మీద రాళ్ల గుట్ట ఎక్కితేనే నోటు మీది దృశ్యం కనిపిస్తుంది. మెట్లు కట్టిన దారి ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద ఒడ్డునే కూర్చున్నా నష్టం లేదు. షటిల్ సేవకు 4 మార్కులు. లేక్ లూయిస్‌లో పడవ అద్దె అరగంటకు 100 డాలర్ల పైమాటే. దానికి మార్కులు కూడా అనవసరం.

లేక్ లూయిస్ ఊళ్లో ట్యాంకు నింపుకోండి. తర్వాత పెట్రోలు దొరికేది దాదాపు 80 కిలోమీటర్ల అవతల సస్కాచెవాన్ రివర్ క్రాసింగ్‌లో. అక్కడ ధర ఎక్కువ, చలికాలంలో మూసేస్తారు. ఆపైన జాస్పర్ దాకా 150 కిలోమీటర్లు బంకు లేదు. ఫుల్ ట్యాంకుతో బయల్దేరితే ఏ కారైనా వెళ్లిపోతుంది. కాల్గరీలో నింపాం కదా అని లేక్ లూయిస్ దాటినవాళ్లకే చిక్కు, ఎందుకంటే అప్పటికే 185 కిలోమీటర్లు అయిపోయి ఉంటాయి. దారిలో ఎక్కువ భాగం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు కార్లలో వెళ్తే "సిగ్నల్ రాగానే ఫోన్ చేస్తా" అనుకోవద్దు, ఎక్కడ కలుసుకోవాలో బయల్దేరే ముందే తేల్చుకోండి.

ఏ వైపు నుంచి నడపాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. లేక్ లూయిస్ నుంచి ఉత్తరానికి వెళ్తే బో లేక్, పేటో లేక్, మిస్టాయా కాన్యన్ అన్నీ రోడ్డుకు ఎడమ వైపు. అక్కడ కుడి వైపు డ్రైవింగ్ కాబట్టి ప్రతిచోటా ఎదురు బండ్లను దాటి ఎడమకు తిరగాలి. జాస్పర్ నుంచి దక్షిణానికి వస్తే అవే మలుపులు కుడి చేతి మీదికి వస్తాయి. డ్రైవింగ్ కొత్తవాళ్లయితే పెద్ద సరస్సుల వంతు తిరుగు ప్రయాణానికి ఉంచుకోవడం మంచిది. ఆల్బర్టాలో ఆరేళ్ల లోపు ఉండి 18 కిలోలు మించని పిల్లలకు కార్ సీటు చట్టప్రకారం ఉండాలి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

బో లేక్ దగ్గర కారు దిగి నాలుగడుగులు వేస్తే నీళ్లే. నడవలేని పెద్దవాళ్లకు ఈ దారి మొత్తంలో ఇంతకు మించిన చోటు లేదు. పొద్దున గాలి లేవకముందు కొండ నీడ నీళ్లలో నిలువుగా పడుతుంది. కాస్త ముందే క్రోఫుట్ గ్లేసియర్ (హిమానీనదం) వస్తుంది. దానికి కాకి కాలి వేళ్లలా మూడు పాయలుండేవి, ఒకటి ఎప్పుడో కరిగి రాలిపోయింది. ఇప్పుడు రెండే.

అక్కడికి కొద్ది నిమిషాల్లో బో సమిట్. పార్క్‌వేలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, 2,000 మీటర్లు దాటుతుంది. లేహ్‌లో లాగా ఆక్సిజన్ గురించి భయపడాల్సినంత ఎత్తు కాదు, కానీ బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు మెల్లగా నడవాలి. పేటో లేక్ చూడాలంటే పార్కింగ్ నుంచి తారు వేసిన దారిలో సుమారు 600 మీటర్లు ఎక్కాలి. దూరం తక్కువే, ఎక్కుడు మాత్రం ఆగకుండా ఉంటుంది. పైన పెద్ద కొత్త వేదిక 2021లో తెరిచారు. ఇంకా పైన ఉన్న పార్కింగ్ బస్సులకు, వికలాంగుల పర్మిట్ ఉన్నవాళ్లకే. అమ్మమ్మని దింపేసి వస్తామంటే ఒప్పుకోరు. పది దాటితే కింది పార్కింగ్ నిండుతుంది. అలాగని మరీ పొద్దున్నే వెళ్తే సరస్సు మీద నీడే ఉంటుంది, రంగు తేలదు. తొమ్మిదికి చేరి ఎండ దిగే దాకా ఆగడం మేలు.

ఆ నీలాకుపచ్చ రంగు ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. హిమానీనదం జరుగుతూ కింది రాతిని గంధం తీసినట్టు అరగదీస్తుంది. ఆ మెత్తటి రాతిపిండి కరిగిన నీళ్లతో వచ్చి సరస్సులో మునగకుండా తేలుతూ ఉంటుంది. దాని మీద పడిన ఎండలో నీలం, ఆకుపచ్చ రంగులే వెనక్కి చిమ్ముతాయి. మంచు బాగా కరిగే జులై, ఆగస్టుల్లో పిండి ఎక్కువ, రంగూ ఎక్కువ. పిల్లల సెలవులు కదా అని జూన్ మొదటి వారంలో వెళ్తే పేటో ఇంకా గడ్డకట్టి తెల్లగా ఉండొచ్చు. ఫొటోలు చూసి వెళ్లినవాళ్లు నిరాశపడేది అందుకే. ఆగస్టుకు వేరే గండం ఉంది, అడవుల మంటల పొగ.

వాటర్‌ఫౌల్ లేక్స్ దగ్గర జులైలో దోమలు, ఆగినా ఐదు నిమిషాలే. మిస్టాయా కాన్యన్‌కు అరకిలోమీటరు దిగుడు, వచ్చేటప్పుడు అంతా ఎక్కుడే. టాయిలెట్ల మాట ముందే చెప్పుకోవాలి. వ్యూపాయింట్ల దగ్గర ఉండేవి నీళ్లు లేని గుంట మరుగుదొడ్లు. ఒక ఖాళీ నీళ్ల సీసా, తడి టిష్యూలు, శానిటైజర్ పెట్టుకుంటే పెద్దవాళ్లు ఇబ్బంది పడరు. నీళ్ల టాయిలెట్ సందర్శకుల కేంద్రమైన ఐస్‌ఫీల్డ్ సెంటర్‌లో ఉంటుంది.

ఆ సెంటర్ లేక్ లూయిస్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరం. ఎదురుగా అథబాస్కా గ్లేసియర్. ఆరు కిలోమీటర్ల పొడవు, 90 నుంచి 300 మీటర్ల మందం. పర్సు గట్టిగా పట్టుకోవాల్సిన చోటు ఇదే. మంచు మీదికి తీసుకెళ్లే టూర్‌ను సాధారణంగా గాజు నేల స్కైవాక్‌తో కలిపి అమ్ముతారు. పెద్దవాళ్లకు తలకు 100 డాలర్లు దాటుతుంది. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలైతే 500 ఎప్పుడో దాటిపోతుంది.

ఏం ఇస్తారు? మామూలు బస్సులో రోడ్డు దాటించి రాళ్ల గట్టు మీదికి తీసుకెళ్తారు. అక్కడ మనిషి భుజాల ఎత్తు టైర్లు ఆరు ఉన్న ఐస్ ఎక్స్‌ప్లోరర్ అనే మంచు బస్సులోకి మారుస్తారు. గట్టు మీద నుంచి మంచులోకి దిగే వాలు 32 శాతం, అంటే పది మీటర్లు పోతే మూడు మీటర్ల పైన దిగుతుంది. ముందు సీట్లో ఉన్నవాళ్లకు అద్దంలో రోడ్డు కనిపించదు, కింద మంచే కనిపిస్తుంది. దిగాక ఒక నీటి మడుగులోంచి నడిపిస్తారు. ఆట కోసం కాదు, టైర్ల మట్టి కడగడానికి. మట్టి అంటిన మంచు ఎండ వేడిని ఎక్కువ పీల్చుకుని తొందరగా కరుగుతుంది. తర్వాత హద్దులు గీసిన చదును మంచు మీద అరగంటలోపు వదులుతారు. ఖాళీ సీసా తీసుకెళ్తే పారే నీళ్లు పట్టుకోవచ్చు. చెప్పులు, నున్నటి అడుగున్న షూలు జారతాయి. జులైలో కూడా మంచు మీద గాలి కోస్తుంది. చీర కట్టుకున్నవాళ్లు లోపల థర్మల్స్, కాళ్లకు ఉన్ని సాక్సులు వేసుకోవాలి. 2020 జులైలో ఇక్కడే ఒక బస్సు గట్టు మీద నుంచి దొర్లి ముగ్గురు చనిపోయారు. సీటు బెల్టు గురించి డ్రైవర్ చెప్పే మాట నవ్వులాటగా తీసుకోకండి.

ఎవరు కొనాలి? నడక కష్టమైన అమ్మానాన్నలు, జీవితంలో ఒక్కసారైనా హిమానీనదం మీద కాలు పెట్టాలనుకునేవాళ్లు. వాళ్లకు ఇది 4 మార్కుల సేవ. స్కైవాక్‌కు 2. లోయ మీద 280 మీటర్ల ఎత్తు అన్నది నిజమే, కానీ అదే సన్వాప్టా లోయ రోడ్డు పక్కన ఆగినా ఉచితంగా కనిపిస్తుంది. పైగా అక్కడ పార్కింగ్ లేదు, సెంటర్ నుంచి బస్సులోనే వెళ్లి రావాలి. రెండూ కలిపితే మూడు గంటలు పోతాయి. ఆరోగ్యంగా ఉన్న పదహారేళ్ల వాళ్లకు గైడ్‌తో, బూట్లకు ఇనుప ముళ్లు కట్టుకుని నడిచే టూర్ ఇంతకన్నా ఎంతో నయం.

డబ్బు పెట్టకుండా చూడాలంటే, రోడ్డుకు అవతలి పార్కింగ్ నుంచి గ్లేసియర్ కొన దాకా నడక దారి ఉంది. రానూపోనూ రెండు కిలోమీటర్ల లోపే, రాళ్ల దారి. ఏ ఏడాది మంచు ఎక్కడి దాకా ఉండేదో చెప్పే పలకలు దారిలో ఉంటాయి. పిల్లలు ఒక పలక నుంచి ఇంకో పలకకు పరిగెత్తుతారు, ఆ పరుగు ఎంతసేపు పడుతుందో అదే పాఠం. చివర తాడు కట్టి ఉంటుంది, అది దాటకూడదు. మంచు మీద గట్టిగా కనిపించే చోట కింద లోతైన పగుళ్లుంటాయి, పైన పలచటి మంచు కప్పేసి ఉంటుంది. పడితే ఇరుక్కుపోతారు, చలికి ఒళ్లు బిగుసుకుపోతుంది, పైకి లాగేంత వ్యవధి ఉండదు. నాలుగైదు మందిని చూసి మనమూ దాటేద్దాం అనుకునేది ఇక్కడే.

సెంటర్‌కు కాస్త దక్షిణాన పార్కర్ రిడ్జ్ ఉంది. వెళ్లేటప్పుడు 2.7 కిలోమీటర్లు, 250 మీటర్ల ఎక్కుడు. పైన ఒక్కసారిగా సస్కాచెవాన్ గ్లేసియర్ పొడవునా కనిపిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ దారిలో అన్నిటికన్నా మంచి నడక. రిడ్జ్ మీద గాలి టోపీ ఎగరగొడుతుంది.

తిండి సెంటర్‌లో ఖరీదు, శాకాహారులకు ఎంపిక తక్కువ. పులిహోర, చపాతీలు, చల్ల మిరపకాయలు కట్టుకుని బో లేక్ బల్లల మీద తినడమే సుఖం. తిన్నాక ఒక్క మెతుకు కూడా బల్ల మీద వదలకండి. కూలర్ బాక్స్, గిన్నెలు కారులోనే ఉంచాలి, బయట పెట్టి నడకకు వెళ్తే జరిమానా పడుతుంది. ఎలుగుబంటికి 100 మీటర్లు, ఎల్క్, జింక, కొండ గొర్రెలకు 30 మీటర్ల దూరం పాటించాలి. రోడ్డు మీద పది కార్లు ఆగి ఉంటే అక్కడ ఎలుగుబంటి ఉన్నట్టే. మధ్యలో ఆపకండి, పిల్లల్ని దింపకండి. ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రే విమానంలో తేనివ్వరు, దారిలో వచ్చే కాన్‌మోర్‌లోనో బాన్ఫ్‌లోనో కొనాలి. తిరిగి విమానం ఎక్కేటప్పుడు కూడా అది సూట్‌కేసులో ఉండిపోకుండా చూసుకోండి.

జాస్పర్ వైపు దిగేటప్పుడు సన్వాప్టా ఫాల్స్, అథబాస్కా ఫాల్స్ రెండూ రోడ్డుకు దగ్గరే. రెండోది 23 మీటర్లే, కానీ ఇరుకు రాతి గొంతులోంచి దూకే నీటి జోరు చూడాలి. తడి బండల మీద కంచె దాటి సెల్ఫీలు వద్దు. 2024 జులైలో వచ్చిన కార్చిచ్చు జాస్పర్ ఊళ్లో మూడోవంతు కట్టడాలను కాల్చేసింది. ఊరు దగ్గర పడే కొద్దీ దారి పక్కన నల్లటి మోడులు కనిపిస్తాయి, గదులూ తక్కువే. ఊళ్లో దొరక్కపోతే తూర్పున 80 కిలోమీటర్ల దూరంలో హింటన్‌లో చూడండి, ధర తగ్గుతుంది. మరో రోజు చేతిలో ఉంటే 22 కిలోమీటర్ల పొడవున్న మలీన్ లేక్‌లో గంటన్నర పడవ ప్రయాణం స్కైవాక్ కన్నా వెయ్యి రెట్లు నయం.

వచ్చిన దారినే తిరగక్కర్లేదు. జాస్పర్ నుంచి హైవే 16 మీద ఎడ్మంటన్ 365 కిలోమీటర్లు, నున్నటి రోడ్డు. కాల్గరీలో విమానం దిగి ఎడ్మంటన్‌లో ఎక్కేలా టికెట్ తీసుకోవచ్చు. అద్దె కారుకు ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇచ్చే చార్జీ ఎంతో బుకింగ్ అప్పుడే అడిగి, అది జాస్పర్ నుంచి కాల్గరీకి 415 కిలోమీటర్ల తిరుగు ప్రయాణపు పెట్రోలు, ఒక రాత్రి గది అద్దె కన్నా తక్కువైతేనే ఒప్పుకోండి.