బగ్గీ, భోజనం కలిపి కొనాలా, విడివిడిగానా?

కోనసీమ తీరంలో ఒక రోజు గడపాలనుకునేవాళ్లకు రెండు దారులు. ఇసుకలో బగ్గీ (ఇసుక మీద నడిపే చిన్న మోటారు బండి) సవారీ, గది, భోజనం అన్నీ కలిపిన ప్యాకేజీ దొరికితే తీసుకోవడం ఒకటి. దేనికది విడిగా డబ్బు కట్టుకోవడం రెండోది.

చంటిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ప్యాకేజీయే నయం. నీడ, మంచినీళ్లు, బాత్‌రూమ్ కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

చిక్కల్లా బగ్గీ దగ్గరే. ప్యాకేజీలో టైము ముందే రాసేసి ఉంటుంది. సముద్రం ఆ కాగితం చూడదు కదా! పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు వెనక్కి తగ్గాక తడి ఇసుక గట్టిగా ఉండి బండి హాయిగా సాగుతుంది. పోటు మీదుంటే మిగిలేది పైనున్న పొడి ఇసుకే. అందులో చక్రాలు కూరుకుపోయి ఇంజను అరవడమే తప్ప బండి కదలదు. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ పొడి ఇసుకలోనే. ఆ నెలల్లో బగ్గీ మాట ఎత్తకపోవడమే మంచిది.

విడిగా అయితే ఆటు చూసుకుని బయల్దేరొచ్చు. నరసాపురం వైపు నుంచి అంతర్వేదికి వచ్చేవాళ్లు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదారి దాటి సఖినేటిపల్లి రేవులో దిగడం అదనపు సరదా. తిండి కూడా మన ఇష్టం. వానాకాలంలో పులస దొరికినా బఫేలో మాత్రం వడ్డించరు, దాని ధర అలాంటిది.

కుటుంబంతో వెళ్తే నేను గది, భోజనం వరకే ప్యాకేజీ తీసుకుంటాను. బగ్గీ తీసేస్తే ఎంత తగ్గిస్తారో బుక్ చేసేముందే అడగండి.