యుబిక్వినోనా, యుబిక్వినాలా? మూడు డబ్బాలు వాడాక నా మాట

కోక్యూ10 అంటే మన కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే పదార్థం, సప్లిమెంట్‌గానూ అమ్ముతారు, యుబిక్వినోన్, యుబిక్వినాల్ దాని రెండు రూపాలు. అది కొనబోయిన చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఒక డబ్బా మీద యుబిక్వినోన్ అని ఉంటుంది, పక్కదాని మీద యుబిక్వినాల్ అని ఉంటుంది, రెండోదాని ఖరీదు బాగా ఎక్కువ, పైగా "శరీరం నేరుగా వాడుకునే రూపం" అని పెద్దక్షరాల్లో రాస్తారు. ఆ మాట నమ్మే నేనూ కొన్నాను. ఏడాదిలో మూడు రకాలు వాడాను: ముందు పొడి నింపిన యుబిక్వినోన్ క్యాప్సూల్, తర్వాత నూనెలో కరిగించిన యుబిక్వినోన్ సాఫ్ట్‌జెల్, ఆ తర్వాత యుబిక్వినాల్. ఇప్పుడు మళ్లీ నూనె సాఫ్ట్‌జెల్‌కే వచ్చేశాను.

రక్తంలో ఉండే కోక్యూ10లో 90 శాతానికి పైగా యుబిక్వినాలే, అందులో అబద్ధం లేదు. కానీ యుబిక్వినోన్ మింగినా రక్తంలోకి చేరేసరికి చాలావరకు యుబిక్వినాల్‌గా మారిపోతుంది. కణాల్లో శక్తి తయారయ్యే భాగమైన మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు అందుకుంటూ, అందిస్తూ ఈ రూపం నుంచి ఆ రూపానికి, మళ్లీ వెనక్కి మారుతూ ఉండటమే దాని పని. మరి మారే పదార్థానికి ఒక రూపం కోసం అంత ఎక్కువ ఎందుకు పెట్టాలి?

అసలు చిక్కు పేగుల దగ్గర. ఇది నీళ్లలో కరగదు, యుబిక్వినోన్ స్ఫటికాలు కరగాలంటే దాదాపు 48 డిగ్రీల వేడి కావాలి, మన ఒంట్లో అంత వేడి ఎక్కడిది? అందుకే పొడి రూపంలో మింగితే ఒంటికి పట్టేది చాలా తక్కువ. నా మొదటి డబ్బాలోని క్యాప్సూల్ ఒకటి విప్పి గ్లాసు నీళ్లలో పోసి చూశాను, పసుపు పొడి అలాగే పైన తేలింది, ఎంత కలిపినా అంతే. మూడు నెలలు అదే మింగానా అని నిజంగా బాధేసింది. కాబట్టి రూపం పేరు కంటే ముందు నూనెలో కరిగించారా లేదా అన్నది చూడండి. భోజనంలో కాస్త కొవ్వు ఉన్నప్పుడే వేసుకోండి, పరగడుపున వద్దు.

యుబిక్వినాల్‌కు ఇంకో ఇబ్బంది, గాలి తగిలితే ఆగదు. ఒక సాఫ్ట్‌జెల్ కోసి పళ్లెంలో వదిలేశాను, మొదట పాలలా తెల్లగా ఉన్నది కొన్ని రోజులకు పసుపు తిరిగింది, అంటే యుబిక్వినోన్ అయిపోయినట్టే! వయసు పైబడినవాళ్లలో యుబిక్వినాల్ రక్తంలో మోతాదును ఎక్కువ పెంచిందని కొన్ని చిన్న అధ్యయనాలు ఉన్నాయి, అలాంటివాళ్లు అది ఎంచుకుంటే తప్పుపట్టను. నాకైతే రెండింటికీ తేడా తెలియలేదు. 2014లో వచ్చిన క్యూ-సింబియో అధ్యయనంలో 420 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో సగం మందికి మామూలు మందులతో పాటు రెండేళ్లు ఇచ్చింది కూడా యుబిక్వినోనే, 100 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, వాళ్లలో గుండె సమస్యలు తగ్గాయి. అలాగని మామూలు మనిషి అంత మోతాదు వేసుకోమని కాదు.

రాత్రి వేసుకుంటే నాకు నిద్ర సరిగా పట్టలేదు, పొద్దున్నకు మార్చాక సర్దుకుంది.

నా డబ్బా చూసి నాన్న తనకూ కావాలన్నారు. ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు, కోక్యూ10 నిర్మాణం రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె2కు దగ్గరగా ఉండటంతో ఆ మందు పనిని తగ్గించే అవకాశం ఉంది. డాక్టర్‌ని అడిగాకే చూద్దాం నాన్నా అని డబ్బా తీసి లోపల పెట్టేశాను.