బెండ సాళ్లలో సైకిల్ గుంటక: కొనేముందు సాలు కొలవండి

పాలమూరు చల్కాల్లో, అనంతపురం ఎర్ర నేలల్లో అర ఎకరం, ఎకరం కూరగాయలు వేసేవాళ్లకు కలుపు తీసే సైకిల్ గుంటక పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ముందు సైకిల్ చక్రం, వెనక పిడి, మధ్యలో బోల్టులతో బిగించే పార. ధర 2, 3 వేల రూపాయల్లోనే. 6 అంగుళాలది, 8 అంగుళాలది రెండు పారలూ అడిగి తీసుకోండి. బెండలో మరో కూరగాయ కలిపి వేసేవాళ్లకు ఒక్క పారతో పని జరగదు.

ఎందుకంటే లెక్కంతా సాళ్ల ఎడంలోనే ఉంది. బెండ ఒక్కటే 60 సెంటీమీటర్ల సాళ్లలో ఉంటే 8 అంగుళాల పార పోనురాను రెండుసార్లు తిరిగితే 40 సెంటీమీటర్లు శుభ్రమవుతుంది, మొక్కకు అటూ ఇటూ 10 మిగులుతుంది. మధ్యలో కొత్తిమీరో ముల్లంగో ఒక సాలు వేశారా, ఎడం 30కి తగ్గుతుంది. అక్కడ 6 అంగుళాల పార ఒక్కసారే పడుతుంది. కొత్తిమీరను చల్లితే మాత్రం గుంటకను చావిట్లో పెట్టేయాల్సిందే. గోరుచిక్కుడు నిటారుగా పెరుగుతుంది కాబట్టి బెండకు మంచి తోడు. తీగ సాగే అలసంద నెల తిరిగేసరికి సాలు మూసేస్తుంది, చక్రం కదలదు. పొద రకం దొరక్కపోతే అలసందను గట్టు వారకు జరపండి.

కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడే తిప్పాలి. విత్తిన 15 రోజులకు ఒకసారి, 30 రోజులకు రెండోసారి. రెండోసారి యూరియా వేసి వెంటనే తిప్పితే ఎరువు మట్టిలో కలుస్తుంది. పార అంగుళం లోతుకు మించకూడదు, బెండ పిల్లవేళ్లు తెగుతాయి. పార దిగబడి ఆగిపోతుంటే వాలు ఎక్కువైందని, నేల మీద జారిపోతుంటే తక్కువైందని అర్థం. బోల్టు వదులు చేసి కాస్త కాస్త సరిచూసుకోండి. తడి ఆరకముందే దించితే ఎర్రమట్టి పారకు ముద్దలా అంటుకుంటుంది. పిడికెడు మట్టి నొక్కి వదిలితే పొడిపొడిగా విడిపోవాలి, అదే సరైన పదును. ఎండ కాస్తున్న పొద్దున తిప్పితే తెగిన కలుపు సాయంత్రానికి వాడిపోతుంది. ముసురులో తిప్పితే మళ్లీ వేరు పట్టి లేస్తుంది.

దీనితో కానివి కూడా ఉన్నాయి. మొక్కకూ మొక్కకూ మధ్య కలుపును చేత్తో తీయక తప్పదు. తుంగ ఆకు తెగినా లోపలి గడ్డ మళ్లీ చిగురిస్తుంది, గరిక ముక్కలైతే ప్రతి కణుపూ నాటుకుంటుంది. ఈ రెండూ దట్టంగా ఉన్న చేనుకు ముందు వేసవి దుక్కి కావాలి, గుంటక కాదు. గట్టు మీది తుత్తురబెండ కలుపునూ వదలొద్దు. అందులో చేరే తెల్లదోమే బెండకు ఆకులు పసుపు పచ్చగా మారే పల్లాకు తెగులు తెస్తుంది.

పిడి గొట్టం పలచనిదైతే వెల్డింగ్ దగ్గర విరుగుతుంది. దుకాణంలోనే పిడి పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపి చూడండి. చక్రం ఇరుసు దగ్గర ఆడుతుంటే ఆ గుంటక వద్దు, సాలులో తిన్నగా నడవదు.