తలకట్టు దగ్గర తేలిపోయే పాత పాళీలు

నెల్లూరు చిన్నబజారులో రశీదు పుస్తకాలు, లెడ్జర్లు అమ్మే పాత కొట్టు ఒకటుంది. పోయిన నెల తెల్లకాగితాల కోసం పోతే, కొట్టు పెద్దాయన అటక మీది నుంచి రేకు డబ్బా ఒకటి దించి నా ముందు పెట్టాడు. "మా నాయన కాలం సరుకు అబ్బయా, నువ్వు చేత్తో రాస్తావు గదా, చూడు" అన్నాడు. మూత తీస్తే అన్నీ పాళీలే. కలానికి గుచ్చి, సిరాబుడ్డిలో ముంచి రాసే ఉక్కు పాళీలు.

నేను ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నా. ఇప్పుడు అంతా కంప్యూటరు ప్రింటే. చేతిరాత మాత్రం వదల్లేదు. శుభలేఖల మీద పేర్లు రాసిస్తాను, తీరిక దొరికితే బొమ్మలు గీస్తాను. ఏడాది కిందట ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పాత పాళీలు 24 తెప్పించుకుంటే, సగానికి పైగా ఎవరో వాడి పడేసినవి వచ్చాయి. సిరా ఎండిపోయి, మొనలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. డబ్బులూ వెనక్కి రాలేదు. అందుకే ఈ పెద్దాయన "ఒక్కోటీ చూసుకొని ఏరుకో" అనేసరికి ప్రాణం లేచొచ్చింది.

డబ్బాలో రెండు రకాలు ఎక్కువ. ఒకటి జోసెఫ్ గిల్లట్ కంపెనీ 303 రకం వాడి మొన పాళీ, రెండోది బ్రాండావర్ వాళ్ల గుండ్రటి మొన పాళీ. రెండూ ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైనవే. 19వ శతాబ్దంలో ప్రపంచానికి పాళీలు పంపిన ఊరది. అక్కడి కార్ఖానాల్లో చేతి ప్రెస్సుల ముందు కూర్చుని పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 144 పాళీలు ఒక గ్రోసుగా పెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్లు. భూతద్దంలో 303ని చూస్తే మొనకు కాస్త పైన, వీపు మీద సన్నటి సాన గీతలు కనిపిస్తాయి. సిరా జారిపోకుండా అవి కాస్త పట్టి ఉంచుతాయి. ఆ చీలికను ఎంత తిన్నగా కోశారో చూస్తుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తెలుగు రాసేవాళ్లకు అసలు పరీక్ష తలకట్టు దగ్గరే. తలకట్టు చివర కలాన్ని కుడివైపుకి, పైకి తోస్తాం. వాడి మొన పాళీ కిందికి లాగినప్పుడు హాయిగా విచ్చుకుంటుంది గానీ, పైకి తోస్తే కాగితంలో దిగబడుతుంది. నూగు మొన మధ్య ఇరుక్కుంటుంది. తర్వాతి అక్షరం లావైపోతుంది, లేదా చటుక్కున వదిలి సిరా చిమ్ముతుంది. 303తో నాకు "కమల" అని రాసేలోపే రెండుసార్లు ఇలా అయింది. బ్రాండావర్ పాళీతో ఒక పేజీ నిండా రాసినా ఒక్క చుక్క చిమ్మలేదు. దాని మొన చెప్పు ముందు భాగంలా కాస్త పైకి లేచి, గుండ్రంగా ఉంటుంది. గీరదు, చిమ్మదు అని ఆ కంపెనీ వాళ్లు అప్పట్లో ప్రకటనల్లో చెప్పుకున్న మాట నిజమే. సున్నాలు, గుడులు, ఒత్తులు అన్నీ ఒకే లావుతో తిరుగుతాయి. తెలుగు కోసమే చేశారా అన్నట్టుంది నాకైతే.

బొమ్మలకు మాత్రం 303ని మించింది నేను చూడలేదు. రంగనాయకుల గుడి గాలిగోపురాన్ని నున్నటి ఐవరీ కార్డు మీద గీశాను. నీడలకు వేసిన గీత వెంట్రుకంత సన్నం. కొంచెం నొక్కితే అదే గీత లావెక్కుతుంది. మామూలు నోటు పుస్తకం కాగితం మీద వాడితే పాళీ పాడు, కాగితం పాడు.

కొనేటప్పుడు పాళీని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రెండు మొనలూ సమానంగా ఉండాలి. గోటి మీద మెల్లగా నొక్కితే విడిపోయి, వదలగానే కలవాలి. పైపై తుప్పు గుడ్డతో పోతుంది. మొన దగ్గర గుంటలు పడితే తీసుకోవద్దు. డబ్బా అడుగున ఉన్నవి చాలావరకు అలాంటివే. కొత్త పాళీ మీద తుప్పు పట్టకుండా పూసిన పూత ఉంటుంది. టూత్‌పేస్టుతో రుద్ది కడిగితే సిరా పట్టుకుంటుంది. మంట మీద కాల్చమని కొందరు చెబుతారు, నేనొప్పుకోను. వేడి ఎక్కువైతే ఉక్కు పదును పోతుంది. ఫౌంటెన్ పెన్ను సిరా పలచన, ముంచగానే బొట్టు పడిపోతుంది. నానబెట్టి వడగట్టిన తుమ్మబంక నీళ్లు నేను అందులో రెండు చుక్కలు కలుపుతా.

గిల్లట్ ఒక్కోటి 25 రూపాయలు, బ్రాండావర్ 30. చెరో డజను కొన్నా, 660 అయింది. పట్టుకోవడానికి ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒకాయన చేత పుల్ల చెక్కించుకున్నా. చేతిలో బరువు లేదు, చెమట పట్టినా జారదు.

మన నెల్లూరు గాలికి ఉక్కు ఆగదు. రాయడం అవగానే కడిగి, తుడిచి, మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచుకోండి. పెద్దాయన డబ్బాలో బ్రాండావర్‌వి ఇంకో యాభై దాకా ఉన్నాయి. కార్తీకం వానలు పట్టకముందే పోయి ఏరుకోండి, ఆ అటక ఉరుస్తుందని ఆయనే చెప్పాడు.