ఏంజెల్ పిల్లల కోసం స్పాంజ్ ఫిల్టర్, ఉప్పునీటి సీసా: నాలుగేళ్లు వాడాక

కాకినాడలో మా హాల్లో ఏంజెల్ చేపలు గుడ్లు పెట్టడం మొదలై నాలుగేళ్లయింది. పిల్లల్ని బతికించుకోవడానికి ఈ నాలుగేళ్లలో చాలా కొన్నాను. ఇప్పటికీ వాడుతున్నవి రెండే. ఒకటి గాలితో నడిచే చిన్న స్పాంజ్ ఫిల్టర్, రెండోది ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే, రొయ్యలాంటి అతి చిన్న జీవి) గుడ్లు పొదిగించుకునే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. వీటిలో ఒక్కటే ఉంచుకోమంటే మాత్రం సీసానే ఉంచుకుంటాను.

ఏంజెల్ సిచ్లిడ్ అనే చేపల కుటుంబంలోది, అమెజాన్ ప్రాంతపు చేప. వెడల్పాటి ఆకు మీదో, నిలువుగా ఉన్న గొట్టం మీదో వరసగా గుడ్లు పెట్టి, ఆడా మగా రెండూ కాపలా కాస్తాయి. కానీ కొత్త జంట చాలాసార్లు తన గుడ్లు తానే తినేస్తుంది. మా ఇంట్లో మొదటి రెండు విడతలూ అలాగే పోయాయి. మూడోసారి ఆకుతో సహా కత్తిరించి, 40 లీటర్ల వేరే తొట్టెలో పెట్టాను. నీళ్లు 28 డిగ్రీలు, బూజు పట్టకుండా కొన్ని చుక్కల మెథిలీన్ బ్లూ, ఆకు పక్కనే గాలి బుడగలు. తెల్లబడిన గుడ్లు బూజు పట్టి పోయాయి, మిగతావి మూడో రోజుకి పగిలాయి.

పగిలినంత మాత్రాన పిల్లలు ఈదవు. తల దగ్గరున్న జిగురుతో ఆకుకి అతుక్కుని ఉంటాయి, తోకలు మాత్రం క్షణం ఆగవు. భూతద్దం పెట్టి చూస్తే ఆకు మొత్తం వణుకుతున్నట్టే ఉంటుంది. నాలుగైదు రోజులు పొట్టలోని సొనతోనే బతుకుతాయి కాబట్టి అప్పుడు మేత వేయకూడదు, వేస్తే నీళ్లు పాడవుతాయి. ఆ సొన అయిపోయి పైకి లేచి ఈదడం మొదలెట్టిన రోజు నుంచీ అసలు టెన్షన్.

మూడో విడతకి షాపులో ఇచ్చిన పొడి మేత వేశాను. పిల్లలు దాని వైపు చూడను కూడా చూడలేదు. కదలని వస్తువు తిండి అని వాటికి తెలియదు. నాలుగు రోజుల్లో అన్నీ పోయాయి. నాలుగో విడతకి ఎవరో చెప్పారని ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి వేశాను. కొన్ని తిన్నాయి, కానీ మర్నాటికి నీళ్లు వాసన కొట్టాయి, వాటినీ దక్కించుకోలేకపోయాను. పొద్దున్నే తొట్టె అడుగున వెంట్రుక ముక్కల్లా పడి ఉన్న పిల్లల్ని తీసి పారబోసుకోవడం చాలా బాధగా ఉంటుంది.

మా బాబాయి గారి అబ్బాయి రొయ్యల హేచరీలో పని చేస్తాడు. సంగతి విని, "అక్కా, మా రొయ్య పిల్లలకి వేసేదే వీటికీ వెయ్యి" అని ఒక చిన్న డబ్బాలో ఆర్టీమియా గుడ్లు తెచ్చిచ్చాడు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చిన సరుకు. చూడ్డానికి కాఫీ పొడిలా ఉంటుంది. ఒక్క గ్రాములో రెండు లక్షలకి పైగా గుడ్లుంటాయి. తడి తగిలితే పాడైపోతాయని మరీ మరీ చెప్పాడు. అందుకే మూత బిగించి ఫ్రిజ్‌లో పెడతాను.

సీసా అడుగు కోసేసి, మూత కిందికి వచ్చేలా తలకిందులుగా నిలబెడతాను. లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంట సోడా, పావు చెంచా గుడ్లు. గాలి గొట్టం అడుగుదాకా దించి గట్టిగా బుడగలు వదలాలి, పక్కన బల్బు వెలగాలి. 28 డిగ్రీల దగ్గర 24 గంటల్లో పొదుగుతాయి, మా ఇంట్లో జనవరి చలికి ఒకటిన్నర రోజు పట్టింది. పొదిగాక గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి దిగుతాయి. కింద టార్చి పెడితే వెలుతురుకి ఇంకా గుమిగూడతాయి. సన్న గొట్టంతో వాటిని మాత్రమే లాగి, నేత దట్టంగా ఉన్న గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు తొట్టెలోకి పోనివ్వకూడదు. చేపపిల్ల మింగితే పేగుల్లో అడ్డం పడే ప్రమాదం ఉంది.

మొదటిసారి వేసినప్పుడు చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అంత చిన్న చేపపిల్ల మొదట ఆగి, ఒంటిని కొంచెం వంచి, ఒక్క ఉదుటున ముందుకి దూకి పట్టుకుంది. పది నిమిషాలకి గాజులాంటి ఆ ఒళ్లలో పొట్టలు నారింజ చుక్కల్లా కనిపించాయి. అప్పటి నుంచి నా లెక్క అదే. పొట్ట నారింజగా ఉంటే తిన్నట్టు, లేకపోతే ఏదో తేడా ఉన్నట్టు. ఆ విడతలో 140 దాకా పెరిగాయి.

ఇక ఫిల్టర్. మోటారు ఫిల్టర్ పెడితే ఈ వయసు పిల్లల్ని లోపలికి లాగేసుకుంటుంది. స్పాంజ్ ఫిల్టర్‌లో గొట్టంలోంచి గాలి పైకి లేస్తూ నీళ్లని స్పాంజ్ గుండా మెల్లగా లాగుతుంది, కాబట్టి ఆ భయం లేదు. పైగా పిల్లలు స్పాంజ్ మీద చేరి సూక్ష్మజీవులను ఏరుకు తింటాయి. నాకు 150 రూపాయలకి దొరికింది. కొత్త స్పాంజ్ పెట్టిన రోజునే పిల్లల్ని వేస్తే మాత్రం ప్రమాదమే. వాటి వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని విరగ్గొట్టే బ్యాక్టీరియా అందులో ఇంకా ఉండదు. నేను నెల ముందే పెద్ద చేపల తొట్టెలో ఒక స్పాంజ్ వేసి ఉంచుతాను. కడిగేటప్పుడు కూడా కుళాయి కింద పెట్టకుండా, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. కరెంటు పోతే రెండూ ఆగిపోతాయి. ఒక తుఫాను రాత్రి గాలి పంపు తొట్టె కన్నా కింద ఉండటంతో నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపు పాడైంది. గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే అలా జరిగేది కాదు. ఇప్పుడు అదీ ఉంది, బ్యాటరీ పంపూ ఉంది. స్పాంజ్ ఒక్కటే అన్నీ చూసుకుంటుందనుకుంటే పొరపాటు. నేను రోజూ పావు వంతు నీళ్లు మారుస్తాను, యాంటీ క్లోరిన్ వేసి అదే వెచ్చదనానికి తెచ్చిన నీళ్లతో.

సీసా పని ఇంకా ఎక్కువ. పొదిగిన ఆర్టీమియాలో బలం గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది, మంచినీళ్లలో అవి బతికేదీ కొన్ని గంటలే. అందుకని రెండు సీసాలు మార్చి మార్చి పెట్టి, రోజుకి మూడు నాలుగుసార్లు వేయాలి. నేను ఆఫీసులో ఉన్నప్పుడు మధ్యాహ్నం మేత మా అత్తయ్య గారు వేస్తారు. ఇంట్లో పగలు ఎవరూ ఉండని వాళ్లకి ఇది నేను సిఫార్సు చేయను. గుడ్ల ధరా తక్కువేం కాదు, పెద్ద డబ్బా వేలల్లో ఉంటుంది. ఒకసారి షాపులో విడిగా అమ్మేవి కొంటే సగం కూడా పొదగలేదు. డబ్బా తెరిచి ఎన్నాళ్లయిందో అడిగి, ముందు పావు చెంచా పొదిగించి చూశాకే ఎక్కువ తీసుకోండి.

మూడు నాలుగు వారాలకి రెక్కలు నిలువుగా సాగి ఏంజెల్ ఆకారం వస్తుంది. అప్పటి నుంచి మెత్తగా నలిపిన మేత కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేస్తాను. రెండు నెలలు దాటాక, రూపాయి బిళ్లంత అయినవాటిని తెలిసిన షాపుకి ఇస్తాను. ఇప్పుడున్న విడత ఈదడం మొదలై ఆరో రోజు. పొద్దున మేతకి అన్నీ పొట్టలు నింపుకున్నాయి, ఒక మూల పది పన్నెండు మాత్రం తినలేదు. వాటి కోసం ఈ పూట రెండో సీసా గంట ముందే తీశాను.